'ఇల్లు అమ్మబడును'

బోధన్‌లో మా ఇంటి ప్రహరీ మీద రాసిన ఈ రెండు మాటలకు మొన్న మూడోసారి రంగు వేయించిన. మొదటిసారి నీలం రంగు. రెండు వానకాలాలకు అది కారిపోయింది. రెండోసారి ఎరుపు వేయిస్తే, వాస్తుకు మంచిది కాదని ఎవరో చెప్పిండ్రు. ఇప్పుడు నలుపు. రాసిన పెయింటర్ పోతూ పోతూ, 'సార్, ఈసారి ఫోన్ నంబర్ కొంచెం పెద్దగ రాసిన' అన్నడు. నంబర్ చిన్నగా ఉండి కొనేవాళ్లు రాలేదని అతని అభిప్రాయం. అంతే అయితే ఎంత బాగుండు!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నరు పెద్దలు. ఆ రెండూ చేసిన మనిషి మా నాయన. అమ్మి చూడు అనే మూడో మాట పెద్దలు ఎందుకు చెప్పలేదంటే, వాళ్ల కాలంలో ఇల్లు అమ్ముకోవడమంటే పరువు తక్కువ. అప్పులపాలైన వాడే ఇల్లు అమ్మేవాడు. ఇప్పుడు అప్పు ఉన్నవాడే కాదు, పిల్లలు చదువుకుని ఊరు దాటిన ప్రతి ఇంటివాడూ ఏదో ఒక రోజు ఈ బోర్డు రాయించాల్సిందే. జిల్లా కేంద్రం కాని ఏ పాత పట్నానికన్నా పోయి ఒక గల్లీ తిరిగి చూడండి. తాళం వేసిన ఇళ్లు ఎన్ని, బోర్డు రాసిన ఇళ్లు ఎన్ని, ముసలమ్మ ఒక్కతే ఉంటున్న ఇళ్లు ఎన్ని, లెక్కబెట్టండి. మాది ఆ మూడింట్లో రెండు రకాలకు చెందుతుంది.

ఇది మా ఇంటి సొద చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. మా ఇంటి సొదలో మా ఊరి కథ ఉన్నది. మా ఊరి కథలో తెలంగాణ చిన్న పట్నాలన్నిటి కథ ఉన్నది. అందుకే రాస్తున్న.

సైరన్ మీద కట్టిన ఊరు

బోధన్ అంటే చక్కెర. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందింది. వేల ఎకరాల చెరకు క్షేత్రాలు, శక్కర్‌నగర్ కాలనీ, దవాఖాన, బడి, రైలు పట్టాలు. సైరన్ మోగితే ఊరు లేచేది. సైరన్ మోగితే అన్నం తినేది. క్రషింగ్ సీజన్ వచ్చిందంటే గాలి కూడా తియ్యగ వాసన వచ్చేది.

మా నాయన ఆ ఫ్యాక్టరీలో ఫిట్టర్. 1978లో 240 గజాల జాగ కొన్నడు. ముందు రెండు పెంకుటి అర్రలు. 1989లో పీఎఫ్ లోను తీసి, అమ్మ పుస్తెలతాడు కుదువబెట్టి స్లాబు పోయించిండు. ఆ ఏడు మా గల్లీలో ఐదు స్లాబులు పడ్డయి. ఐదూ ఫ్యాక్టరీ కార్మికులవే. బోనస్ వస్తే సిమెంటు దుకాణంలో ఉద్దెర తీరేది. మేస్త్రీకి పని, సుతారికి పని, ఇటుక బట్టీ వానికి పని. ఒక జీతం పది చేతుల్లో తిరిగేది.

2002లో ఆ ఫ్యాక్టరీలో 51 శాతం వాటాను అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటుకు అప్పజెప్పింది. బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి, మూడు యూనిట్లూ పోయినయి. మన ఉద్యమంలో ఈ అమ్మకం మీద ఎన్ని సభలు, ఎన్ని పాదయాత్రలు, ఎన్ని కరపత్రాలు! 2011లో సకల జనుల సమ్మె నాడు మా గల్లీ వంటావార్పుకు పెద్ద గంజు మా అమ్మే ఇచ్చింది. తెలంగాణ వస్తే సైరన్ మళ్లీ మోగుతదని నమ్మినవాళ్లలో మేమూ ఉన్నం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2015 డిసెంబర్‌లో మూడు యూనిట్లూ మూతబడ్డయి. ఏడాదిన్నర. అంతే. పునరుద్ధరణకు 2024 జనవరిలో ఒక కమిటీ వేసిండ్రు. కమిటీలు సైరన్ మోగించవని మనకు తెలియనిది కాదు.

ఇప్పుడు అసలు మాటకు వస్త. మా ఇంటి గోడలు 2015లో ఎట్లున్నయో 2016లోనూ అట్లనే ఉన్నయి. ఇటుక మారలేదు, జాగ తగ్గలేదు. కానీ ఇంటి విలువ మారింది. ఎందుకంటే ఇంటి ధర గోడల్లో ఉండదు. ఆ ఊర్లో నెల నెలా జీతం తెచ్చుకునేవాళ్లు ఎంతమంది ఉన్నరన్న దాంట్లో ఉంటది. ఫ్యాక్టరీకి తాళం పడిన రోజే ఊర్లో ప్రతి ఇంటికీ సగం తాళం పడ్డది. మనం చూడలేదు.

ఒక్క బోధన్ కాదు. కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగి 2018 దాకా తెరుచుకోలేదు. ఆ నాలుగేండ్లు అక్కడి ఇల్లు ఎవరు కొంటరు? కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగింది. వరంగల్‌లో 1934లో పుట్టిన ఆజంజాహీ మిల్లు భూమి ప్లాట్లయింది. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతబడి, కొత్త కంపెనీగా 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మంచిదే. కానీ పాత సంఖ్యలో పర్మినెంట్ కొలువులు తిరిగి రాలేదు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నరు. భూగర్భ బాయిలు ఒక్కొక్కటే మూసుకుంటూ పోతుంటే బెల్లంపల్లి, మందమర్రి గల్లీల్లో ఇండ్లు కొనేదెవరు? నెల జీతం లేనివానికి బ్యాంకు అప్పు ఇవ్వదు. అప్పు లేనివాడు ఇల్లు కొనలేడు. ఇందులో ఆర్థికశాస్త్రం పెద్దగ ఏమీ లేదు.

కొనేవాళ్లు ఎటు పోయిండ్రు?

ఒకప్పుడు మా ఊర్లో ఇల్లు కొనేవాళ్లు నాలుగు రకాలు. ఫ్యాక్టరీ కార్మికుడు. టీచరు, ఉద్యోగి. గల్ఫ్ నుంచి వచ్చినవాడు. వ్యాపారి. నలుగురి సంగతీ చూద్దాం.

కార్మికుడు లేడు. వాడి కొడుకు హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో సెక్యూరిటీ, లేకుంటే నిజామాబాద్‌లో డెలివరీ.

టీచరు, ఉద్యోగి ఉన్నడు. కానీ ఇక్కడ కొనడు. పిల్లల చదువుకు కుటుంబాన్ని నిజామాబాద్‌లోనో హైదరాబాద్‌లోనో పెట్టిండు. 2021 డిసెంబర్‌లో వచ్చిన 317 జీవోతో రేపు ఏ జిల్లాలో ఉంటమో తెలవదన్న భయం చాలామందికి పట్టుకున్నది. చేతిలో పది లక్షలుంటే శంకర్‌పల్లి దిక్కో, షాద్‌నగర్ దిక్కో, యాదగిరిగుట్ట దిక్కో ప్లాటు. చూడని ప్లాటు. రాళ్లు పాతిన చేనులో ఒక ముక్క. బ్రోచర్‌లో క్లబ్ హౌస్ ఉంటది, చేనులో తుమ్మచెట్టు ఉంటది. పుట్టిన ఊర్లో నిలబడ్డ ఇల్లు వద్దు, తెలియని ఊర్లో మొలవని ఇల్లు కావాలి. ఉద్యోగ మిత్రులు కోపం చేసుకోవద్దు. నేనూ 2017లో అట్లాంటి ముక్కే కొన్న. అదీ అమ్ముడుపోతలేదు.

గల్ఫ్ నుంచి వచ్చినవాడు ఇల్లు కొనడు, కడతడు. పదేళ్లు ఎడారిలో చెమట కార్చి వచ్చినోడు నలభై ఏండ్ల కిందటి పాత స్లాబు కింద ఎందుకు ఉంటడు? మెయిన్ రోడ్డు మీద కొత్త జాగ తీసుకుని రంగురంగుల ఎలివేషన్ పెడతడు. వాని కష్టం, వాని ఇష్టం. అదీ పైసలు మిగిలినవాని సంగతి. మా తమ్ముని లాగ వీసా అప్పు మిగిలినవాడు అమ్మేవాళ్ల వరుసలో నిలబడతడు.

వ్యాపారికి మా గల్లీ అక్కర లేదు. వానికి షట్టర్ పడే జాగ కావాలి.

ఇగ మిగిలింది ఊర్లోనే ఉండే పేదవాడు. బీడీలు చేసే ఆడబిడ్డ, ఆటో నడిపే తమ్ముడు, ప్రైవేటు బడిలో పంతులమ్మ. ఇల్లు నిజంగా కావాల్సింది వీళ్లకే. వీళ్లు మా గల్లీలోనే కిరాయికి ఉన్నరు. ఒక మిత్రుడు నాతో అన్నడు, 'ధర పడిపోతే బాధపడుతవేంది, పేదవాడు కొనుక్కుంటడు గదా!' అని. న్యాయమైన ప్రశ్నే. నేను కూడా రెండు రోజులు ఆలోచించిన. కానీ ధర ఎంత పడ్డా, బీడీల కూలి మీద ముప్పై ఎనిమిది లక్షలు ఎట్ల వస్తయి? పే స్లిప్ లేదని బ్యాంకు గడప తొక్కనియ్యదు. అందుకే మా ఊర్లో ఇండ్లు ఖాళీగ ఉంటయి, ఇల్లు లేనివాళ్లు కిరాయికి ఉంటరు. రెండూ ఒకే గల్లీలో. ధర పడిపోవడం వల్ల పేదవానికి ఒరిగిందేమీ లేదు.

మేం చేసిన తప్పులు

అన్నీ సర్కారు మీద తోసి చేతులు దులుపుకుంటే అది నిజాయితీ కాదు. మా ఇంట్లో మేం చేసిన తప్పులు రెండు. మీ ఇంట్లోనూ ఇదే ముచ్చట నడుస్తుండొచ్చు, అందుకే చెప్తున్న.

మొదటిది చెప్పడానికి సిగ్గయితది. నాయన 2019లో పోయిండు. 2021 దసరాకు అమ్మ బాత్రూంలో జారిపడ్డది. ఒక్కతే ఉండొద్దని, ఇల్లు అమ్మి ఆమె మోకాళ్లకు ఆపరేషన్ చేయించి మా దగ్గర పెట్టుకోవాలని అనుకున్నం. తమ్మునికి గల్ఫ్ అప్పు ఆరు లక్షలు ఉన్నది. 2022 మొదట్లోనే ఒకాయన యాభై రెండు లక్షలకు ఒప్పుకుని బయానా కూడా ఇచ్చిండు. కాగితాలు రాసేటప్పుడు మేం అన్నదమ్ములం ఇద్దరం, అమ్మ, ముగ్గురం సరిపోతమనుకున్నం. బిలోలిలో ఇచ్చిన చెల్లెను ఒక సంతకానికి పిలిపిస్తే చాలనుకున్నం. హక్కు విడుదల పత్రం తయారు చేయించి, పసుపు కుంకుమల కింద లక్ష రూపాయలు ఇద్దామనుకున్నం. ఆమెకు ముందుగ ఒక్క మాట చెప్పలేదు.

చెల్లె వచ్చింది. కాగితం చదివింది. 'పైసల కోసం కొట్లాడుతలేను అన్నా. నన్ను అడగకుంట నా పేరు ఎట్ల తీసేస్తరు? నేను ఈ ఇంట్ల పుట్టలేదా?' అన్నది. సంతకం పెట్టకుండా పోయింది. గడువు దాటింది. కొనే ఆయన బయానా వాపస్ తీసుకుని నిజామాబాద్‌లో అపార్ట్‌మెంట్ కొనుక్కున్నడు.

ముప్పై ఏండ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసిన, సమానత్వం మీద సభల్లో మాట్లాడిన నాకు ఒక చిన్న విషయం తెలవదు. ఆడబిడ్డకు ఆస్తి హక్కు అంటే 1985 నాటి మన రాష్ట్ర సవరణో, 2005 నాటి కేంద్ర సవరణో గుర్తుకొస్తది. అవి ఉమ్మడి పిత్రార్జితం గురించి. తండ్రి సొంతంగ సంపాదించిన ఇల్లు, వీలునామా రాయకుండా పోతే, 1956 చట్టం నాటి నుంచే భార్యకు, కొడుకులకు, బిడ్డలకు సమాన వాటాలు. అంటే మా ఇంట్లో నాలుగు వాటాలు. మేం చెల్లెకు 'ఇయ్యాలనుకున్న' లక్ష దానం కాదు. పదమూడు లక్షల హక్కుకు మేం కట్టిన ధర.

తర్వాత పోయి తప్పు ఒప్పుకున్నం. నాలుగు సమాన వాటాలని రాసుకున్నం. చెల్లె ఇప్పుడు అందరికంటే ముందుండి గిరాకీ వెతుకుతున్నది. కానీ ఆలోగా బజారు పోయింది. ఇది చదివే అన్నదమ్ములకు ఒక్క మాట. అక్కచెల్లెళ్ల సంతకం ఆఖరి రోజు అడిగే సంతకం కాదు, మొదటి రోజు అడిగే మాట.

రెండో తప్పు ఆశ. యాభై రెండు చెప్పిన ఇల్లు అరవై ఎందుకు పోదు అనుకున్నం. పక్క గల్లీలో ఎవరిదో అరవై ఐదుకు పోయిందని బ్రోకర్ చెప్పిండు. ఆ ఇల్లు ఏదో మాకు ఇప్పటిదాకా తెలవదు. 2023 మొదట్లో నలభై ఐదు అన్నవాణ్ణి నవ్వి పంపించినం. తర్వాత నలభై. ఇప్పుడు ముప్పై ఎనిమిది అన్నవాడు కూడా వారం నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

ఈ లెక్క చూడండి. తమ్మునికి ఆరు లక్షల అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు పన్నెండు వేలు. మూడేండ్లకు నాలుగు లక్షల ముప్పై రెండు వేలు. నలభై ఐదుకు అమ్మి ఉంటే అతని వాటా పదకొండు లక్షల చిల్లర వచ్చేది, అప్పు ఆనాడే తీరేది. 'ధర తగ్గించం' అని మీసం మెలేసినం కానీ, నెల నెలా వడ్డీ రూపంలో తగ్గించుకుంటూనే ఉన్నం. ఇల్లు అమ్మాల్సినవాడు ఎదురుచూపుకు ధర కట్టుకోవాలి. అది కట్టనివాడు చివరికి రెండుసార్లు నష్టపోతడు.

సర్కారు లెక్క, బ్యాంకు లెక్క

మా తప్పులు మేం ఒప్పుకున్నం. సర్కారు కూడా ఒప్పుకోవాల్సినవి ఉన్నయి.

2021 జూలైలో రిజిస్ట్రేషన్ భారాన్ని 6 శాతం నుంచి 7.5 శాతానికి పెంచిండ్రు. స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ రుసుము అర శాతం. అప్పుడే ప్రభుత్వ మార్కెట్ విలువలూ పెంచిండ్రు. 2022 ఫిబ్రవరిలో మళ్లీ పెంచిండ్రు. ముప్పై ఎనిమిది లక్షల ఇంటి మీద 7.5 శాతం అంటే రెండు లక్షల ఎనభై ఐదు వేలు. కొనేవాని జేబులోంచి, ఇంట్లో ఒక సున్నం డబ్బా కూడా కొనకముందే.

హైదరాబాద్‌లో కోటి రూపాయల ఫ్లాటుకూ, బోధన్‌లో పాత ఇంటికీ ఒకటే శాతం. బజారు పెరిగినప్పుడు విలువలు పెంచడానికి ఆఫీసులకు రోజులు పట్టదు. బజారు పడిపోయినప్పుడు తగ్గించిన ఆఫీసును నేను చూడలేదు. దీని వల్ల ఇంకో చిక్కు. సర్కారు కట్టిన విలువ కంటే మనం బాగా తక్కువకు అమ్ముకుంటే, పది శాతం తేడా వరకే ఆదాయపన్ను చట్టం ఒప్పుకుంటది. అది దాటితే చేతికి రాని డబ్బును కూడా వచ్చినట్టే లెక్కగడతది. గతిలేక తక్కువకు అమ్ముకునేవాని మీద ఇది రెండో దెబ్బ.

బ్యాంకు సంగతి. రిజర్వు బ్యాంకు రెపో రేటు 2022 మే నెల మొదట్లో 4 శాతం ఉండె. 2023 ఫిబ్రవరికల్లా 6.5 అయింది. ఇరవై లక్షల అప్పు ఇరవై ఏండ్లకు తీసుకుంటే, 7 శాతం వడ్డీ మీద నెలకు పదిహేను వేల ఐదు వందలు పడేది. 9 శాతం అయితే పద్దెనిమిది వేలు. నెలకు రెండున్నర వేల తేడా హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి పెద్దది కాకపోవచ్చు. బోధన్‌లో కొత్తగ కొలువుకెక్కిన టీచరుకు అది బిడ్డ బడి ఫీజు. 2025లో వడ్డీలు తగ్గించిండ్రు. అప్పటికి బేరాలు చల్లారినయి.

వడ్డీ కంటే పెద్ద అడ్డం వేరే ఉన్నది. మా ఇల్లు చూసి మెచ్చిన ఒక దంపతులు బ్యాంకుకు పోయిండ్రు. వాల్యుయేషన్‌కు వచ్చినాయన గోడ మీద తట్టి, స్లాబు వయసు అడిగి, ఇంటికి దాదాపు ఏమీ రాయలేదు, జాగకే విలువ కట్టిండు. తర్వాత 1989 నాటి స్లాబుకు పర్మిషన్ ప్లాన్ ఏది అని అడిగిండు. ఆనాడు చిన్న పట్నాల్లో కార్మికుడు స్లాబు పోస్తే ప్లాన్ ఎవరు గీసిండ్రు? ఇంటి పన్ను మాత్రం ఏటేటా కట్టించుకున్నరు. పన్నుకు పనికొచ్చిన ఇల్లు అప్పుకు పనికిరాదు. ఆ దంపతులు కండ్ల నీళ్లు పెట్టుకుని పోయిండ్రు. కొత్త వెంచర్‌లో కట్టని ఇంటికి అప్పు సులువుగ దొరుకుతది, ముప్పై ఏండ్లు నిలబడ్డ ఇంటికి దొరకదు. ఇదెక్కడి నీతి?

వీటన్నిటి మీద వాస్తు ఒకటి. మా ఇంటికి దక్షిణం ద్వారం. వచ్చినవాళ్లలో సగం మంది గేటు దగ్గరనే ఆగి ఫోన్‌లో దిక్సూచి తీస్తరు. ఆ ద్వారం నుంచే ముగ్గురు పిల్లలు చదువుకుని బయటికి పోయిండ్రు, ఆ ద్వారం నుంచే మా నాయన ఎనభై రెండేండ్లు బతికి పోయిండు. ఊరిని ముంచింది దక్షిణం ద్వారం కాదు, మూతబడ్డ ఫ్యాక్టరీ గేటు. దానికి దిక్సూచి అక్కర లేదు.

అమ్మ సంగతి

ఇవన్నీ లెక్కలు. లెక్కల్లోకి రానిది అమ్మ.

ఎవరో చూడ్డానికి వస్తున్నరని ఫోన్ వస్తే, ఆ మోకాళ్లతోనే వాకిలి ఊకి, సాన్పు చల్లి, ముగ్గేస్తది. పోయిన చెంబూ గ్లాసూ తోమి పెడుతది. వచ్చినవాళ్లు వంటింట్లోకి చెప్పులతోనే పోతరు. 'ఈ గోడ కూలగొట్టొచ్చు' అంటరు. 'పెద్దమ్మా, ఎప్పుడు ఖాళీ చేస్తరు?' అంటరు. ఆమె చాయ్ పెడతది. వాళ్లు తాగి పోతరు. ఫోన్ రాదు. వారం దాకా ఆమె, 'ఏమన్నరు పెద్దోడా?' అని అడుగుతనే ఉంటది.

మొన్న నేను రంగు వేయించి కూర్చుంటే అన్నది. 'నా చేతులతోని అలికిన ఇల్లు నేను బతికుండంగనే ఎవలకూ అక్కర లేకుంట అయింది బిడ్డా. అమ్ముడువోతే ఒక్కసారి ఏడ్సి ఊకుందును. గిది రోజూ ఏడుపాయె.'

ఇంతకాలం నేను ఇల్లు అమ్ముడుపోకపోవడాన్ని పైసల సమస్య అనుకున్న. కాదు. ఒక మనిషి జీవితకాలపు కష్టానికి విలువ లేదని బజారు నెల నెలా వచ్చి చెప్పిపోవడం అది. మా గల్లీలో అట్ల చెప్పించుకుంటున్న తల్లులు ఇంకా ఉన్నరు.

అడగాల్సినవి

వాపోతే పని కాదు. అడగాల్సినవి అడుగుదాం.

ఒకటి. చిన్న పట్నాల్లో పాత నివాస ఇళ్ల అమ్మకానికి రిజిస్ట్రేషన్ భారం తగ్గించాలి. కనీసం మొదటిసారి ఇల్లు కొనేవానికైనా బదిలీ సుంకం మాఫీ చేయాలి. అమ్ముడుపోని ఇంటి మీద 7.5 శాతం అంటే ఖజానాకు సున్నా. అమ్ముడుపోయిన ఇంటి మీద 4 శాతం వచ్చినా లాభమే గదా!

రెండు. మార్కెట్ విలువలు పెంచడమే కాదు, పడిపోయిన చోట దించే పద్ధతి కూడా ఉండాలి. హైదరాబాద్ బజారును చూసి బోధన్‌కు విలువ కట్టొద్దు.

మూడు. ఏండ్ల తరబడి ఇంటి పన్ను కట్టిన పాత ఇండ్లకు మున్సిపాలిటీ ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. దాని మీద బ్యాంకులు అప్పు ఇచ్చేటట్టు సర్కారు మాట్లాడాలి. కట్టని అపార్ట్‌మెంట్‌కు ఇచ్చే నమ్మకం కట్టిన ఇంటికి ఇవ్వరా?

నాలుగు. పే స్లిప్ లేని కూలీ, బీడీ కార్మికురాలు, ఆటో డ్రైవర్ కిరాయి కట్టిన చరిత్రనే పూచీగా తీసుకుని పాత ఇల్లు కొనుక్కునే పథకం పెట్టాలి. సర్కారు ఊరి బయట ఇండ్లు కట్టి ఇస్తనంటది. ఊరి లోపల నీళ్లు, కరెంటు, మోరీ ఉన్న ఇండ్లు ఖాళీగ ఉన్నయి.

ఐదు. అన్నిటికంటే ముందు ఇది. పని. చక్కెర ఫ్యాక్టరీ తెరుస్తరో, ఇంకోటి పెడతరో, ఊర్లో నెల జీతం తెచ్చుకునేవాళ్లు మళ్లీ ఉండాలి. అది లేకుండ పై నాలుగూ ఇచ్చినా కొంత ఊరటే తప్ప మందు కాదు. రాష్ట్రమంతా ఒక్క నగరం చుట్టూ తిరిగితే, మిగిలిన ఊర్ల ఇండ్లన్నీ ఆ నగరంలో ప్లాటు కొనడానికి అమ్మే వస్తువులైతయి. ఉద్యమంలో మనం నియామకాలు అడిగింది హైదరాబాద్‌కు బస్సెక్కడానికి కాదు.

మనకు మనం చెప్పుకోవాల్సినవీ ఉన్నయి. వాటాలు ముందు తేల్చుకుందాం, ఆడబిడ్డలతో కలిపి. విన్న ధర కాదు, నిజంగ చెయ్యి మారిన ధర అడుగుదాం. తాళం వేసి పెట్టకుందాం. మనిషి మసలని ఇల్లు రెండు వానలకు కురుస్తది. చూడని ప్లాటు కొనేముందు పుట్టిన ఊర్లో ఒకసారి తిరిగొద్దాం.

మేం ముగ్గురం మొన్న కూర్చుని మాట్లాడుకున్నం. తమ్ముని అప్పు నేను, చెల్లె కలిసి తీర్చేటట్టు, ఇల్లు అమ్మినప్పుడు అతని వాటాలోంచి మినహాయించుకునేటట్టు రాసుకున్నం. ముందటి రెండు అర్రలు దవాఖానలో నర్సు పని చేసే ఒక బిడ్డ కుటుంబానికి కిరాయికి ఇచ్చినం. రాత్రిపూట అమ్మకు తోడున్నట్టు అయితది. ఆపరేషన్‌కు ఇల్లు అమ్ముడుపోయేదాకా ఆగొద్దని, వచ్చే నెల నేనే తీసుకపోతున్న.

బోర్డు మాత్రం అట్లనే ఉన్నది. ముప్పై ఎనిమిదికి ఎవరన్న వస్తే ఇస్తం. ఈసారి నవ్వి పంపించం. ఆ నర్సు బిడ్డ మొన్న అడిగింది, 'సార్, మాకే నెల నెలా కట్టుకునేటట్టు ఇస్తరా? బ్యాంకుల అడిగితే నాది కాంట్రాక్టు కొలువంట, అప్పు రాదంట' అని.

ఇల్లు ఉన్నది. ఉండే మనిషి ఉన్నది. అమ్మేవాళ్లం ఉన్నం. లేనిదల్లా ఆమె కొలువుకు భరోసా. ఇది ఇచ్చే బాధ్యత ఎవరిదో వాళ్లను అడుగుదాం.